కాడ గిల్లితే నీలం

శ్రావణం రెండో వారం, రాత్రి పదిన్నర.
మెళియాపుట్టి ఆసుపత్రికి కరెంటు లేదు.
ఇన్వర్టరు మీద ఒక్క లైటు, దాని చుట్టూ ఉసిళ్లు.
మోటారుసైకిలు మీద మధ్యలో కూర్చోబెట్టి తెచ్చారు
సవర ఎండయ్యని, ముందొకడు, వెనకొకడు,
జారిపోకుండా తువ్వాలుతో నడుముకి కట్టి.

కొండ మీద ఆవుల్ని కాస్తాడు.
వాన కురిసి వెలిసిన పొద్దున
పేడకడుల మీద లేచిన కొక్కుల్ని
పుట్టకొక్కులే అనుకున్నాడు,
ఏరి, ఎండుమిరపకాయ వేసి
పులుసు పెట్టుకున్నాడు.
ఒక్కడే. వండిపెట్టే మనిషి పోయి మూడేళ్లు.

నేను నర్సుని. నా పని రాయడం.
నాడి నూట పన్నెండు. బీపీ కొంచెం ఎక్కువ.
కనుపాపలు, టార్చి వేసినా ముడుచుకోని
రెండు నేరేడు పళ్లు.
వాంతులు రెండు. జ్వరం లేదు.
చూసినవి రాయడానికి గడి లేదు ఆ షీటులో.

డాక్టరు కొత్త కుర్రాడు, విజయనగరం.
సంచిలో మిగిలిన కొక్కుని ఫోర్సెప్స్‌తో తిప్పి చూసి
"సైలోసైబిన్ అయ్యుంటుంది, తెల్లారేసరికి దిగిపోతుంది" అన్నాడు.
ఆ మాట నా నోట్లో చేపముల్లులా అడ్డం తిరిగింది.

ఎండయ్య నవ్వుతున్నాడు.
ఏడుస్తున్నాడు కూడా, అదే ముఖంతో.
"గోడ సూడమ్మా, గోడ."
గోడ మీద పోలియో చుక్కల పోస్టరు, పెచ్చులూడిన సున్నం.
"మాయమ్మ బియ్యప్పిండితో ఏసిన బొమ్మలు
దిగొస్తన్నాయి. గుర్రమొచ్చింది. దువ్వెనొచ్చింది.
గీతకాళ్ల మనుసులు సేతులు పట్టుకోని
నీ సెలైను స్టాండు సుట్టూ ఆడతన్నారు."
కొండ ఊపిరి తీస్తోందట, ఈనబోయే గేదెలా.
రేకు మీద పడే చినుక్కో రంగట,
ఆ రంగులకి సవరలో పేర్లున్నాయట, తెలుగులో లేవట.
చెప్పాడు. రాసుకోలేకపోయాను.
గొంతులో ఎక్కడో విరిగే ఆ శబ్దానికి
నా దగ్గర అక్షరం లేదు.

ఒంటిగంటప్పుడు మంచం అంచున కూర్చుని
ఎవరితోనో మాట్లాడాడు, తప్పు చేసిన పిల్లాడిలా.
గ్లూకోజు సీసా సర్దుతున్నట్టు నటించి విన్నాను.

"వొచ్చింది" అన్నాడు తర్వాత. "మా ఇంటిది.
వెలుగూ లేదు, ఏటీ లేదు. అదే ముతక సీర.
తిన్నావా అనడిగింది.
తిన్నానన్నాను.
ఏటి తిన్నావు అంది.
సెప్పనేకపోనాను సిస్టరమ్మా.
ఏటి తిన్నానో సెప్పనేకపోనాను."

ఇతర వివరాలు అన్న చోట
'రోగి తన భార్యతో మాట్లాడెను' అని రాసి,
కొట్టేసి, 'మాట్లాడినట్లు చెప్పెను' అని దిద్దాను.
కొట్టివేత పక్కన పొట్టి సంతకం పెట్టాలి. పెట్టాను.

తెల్లారి టీ అడిగాడు. పంచదార ఎక్కువేయమన్నాడు.
మహేంద్రగిరి మామూలు కొండే, సగం మబ్బులో.
"మళ్లీ తింటావా?" అన్నాను, తిట్టడానికే.
కాలి బొటనవేలు చాలాసేపు చూసుకున్నాడు.
"వొద్దమ్మా. రెండోసారీ అదే అడిగితే?"

డ్యూటీ దిగి టెక్కలి బస్సు కోసం నిలబడ్డాను.
రోడ్డు పక్క ఎవరిదో ఆవు వేసిన పేడ, దాని మీద
తేనె రంగు టోపీలు నాలుగు.
ఎవరూ చూడట్లేదని వంగి
ఒకదాని కాడ గిల్లాను.
కాసేపు ఏమీ లేదు.
తర్వాత గోరు నొక్కిన చోట
మెల్లగా నీలం పుట్టింది,
ఊపిరందని పెదవుల మీద
ఇన్నేళ్లుగా నేను చూస్తున్న నీలమే,
ఇక్కడ మాత్రం ఎవరూ చావలేదు.
బస్సు హారను కొట్టింది.

ఇంటికొచ్చి సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాను.
గిన్నెలో రాత్రి అన్నం ఉంది.
మజ్జిగ పోసి, ఉల్లిపాయ కొరుక్కుని,
కూర్చుని తిన్నాను,
ఎవరైనా అడిగితే చెప్పడానికి.